పొలంలో జీపీఎస్ పాఠం ఎక్కడ మొదలుపెట్టాలి?

మేడం గారూ, మీరు అడిగింది ముందు నాలుగు ముక్కల్లో చెప్పుకుని అక్కడి నుంచి మొదలుపెడతాను. నెల్లూరు వైపు వ్యవసాయ పాలిటెక్నిక్‌లో రెండో ఏడాది డిప్లొమా పిల్లలకి జీపీఎస్, డిజిటల్ మ్యాపింగ్ నేర్పాలి. పిల్లల దగ్గర మామూలు ఆండ్రాయిడ్ ఫోన్లున్నాయి. కాలేజీలో పాత చేతి జీపీఎస్ ఒకటి, పనిచేసే కంప్యూటర్లు కొన్ని ఉన్నాయి. ఉన్న కొద్దిపాటి నిధులతో డ్రోన్ కొనాలా, సాఫ్ట్‌వేర్ కొనాలా అని ప్రిన్సిపల్ గారు అడుగుతున్నారు. ప్రభుత్వం వాళ్ల భూముల రీసర్వే మొదలైనప్పటి నుంచి చుట్టుపక్కల రైతులు మీ పిల్లల్ని ఆపి "మా పొలం కూడా కొలిచి పెట్టండి నాయనా" అంటున్నారు, వాళ్లకి ఏం చెప్పాలో మీకు తోచడం లేదు.

డ్రోన్ వద్దు. సాఫ్ట్‌వేర్‌కి రూపాయి కూడా పెట్టొద్దు. ఆ డబ్బుతో 30 మీటర్ల టేపులు రెండు, మంచి పవర్ బ్యాంకులు, నీళ్లలో ఉప్పదనం కొలిచే, జేబులో పట్టే ఈసీ మీటర్ ఒకటి కొనండి. ఎందుకో కింద చెబుతాను.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో సర్వే పనుల్లో, ఆ తర్వాత మీలాంటి కాలేజీల్లో ఇదే పాఠం చెప్పడంలో చాలా ఏళ్లు గడిపాను. నేను గట్టిగా నమ్మేది ఒక్కటే. ఫోన్ చూపించే చుక్కని ఎంతవరకు నమ్మొచ్చో పిల్లలకి మొదటి వారంలోనే అనుభవంలోకి రావాలి. మ్యాప్ గీయడం ఎవరైనా కొద్దిరోజుల్లో నేర్చుకుంటారు. "ఈ చుక్క నాలుగైదు మీటర్లు అటూ ఇటూ ఉండొచ్చు, కాబట్టి దీంతో ఈ పని చెయ్యొచ్చు, ఆ పని చెయ్యకూడదు" అని చెప్పగలగడమే అసలు చదువు. అది రాని పిల్లవాడు రేపు గట్టు మీద నిలబడి రైతుకి తప్పు మాట చెబుతాడు. ఆ మాట పట్టుకుని అన్నదమ్ములు స్టేషన్ దాకా వెళ్తారు.

అందుకని మొదటి క్లాసు గదిలో పెట్టకండి. ఉపగ్రహాల బొమ్మలతో అసలే మొదలుపెట్టకండి. మైదానం నడిమధ్య, చెట్లకీ గోడలకీ దూరంగా, సున్నంతో ఒక గుర్తు పెట్టండి. ఒక్కొక్కరూ వచ్చి ఫోన్‌ని ఆ గుర్తు మీద ఉంచి, రెండు నిమిషాలు కదపకుండా ఆగి, అక్షాంశం, రేఖాంశం దశాంశ డిగ్రీల్లో, చుక్క తర్వాత ఐదు అంకెల దాకా నోట్‌బుక్‌లో రాసుకోవాలి. సాయంత్రం మళ్లీ అదే గుర్తు దగ్గర అదే పని. మర్నాడు గ్రాఫ్ కాగితం మీద ఆ అంకెలన్నీ పెట్టించండి. ఐదో దశాంశ స్థానంలో ఒకటి మారితే ఉత్తర దక్షిణాలుగా సుమారు 1.1 మీటర్లు. తూర్పు పడమరలుగా మన అక్షాంశం దగ్గర అంతకంటే కొంచెం తక్కువ. ఒక్కో గడి ఒక్కో మీటరు అనుకుంటే చాలు. గుర్తు ఒక్కటే, క్లాసులో ఎన్ని ఫోన్లుంటే అన్ని చుక్కలు, అవి నాలుగైదు మీటర్ల మేర చెదిరి ఉంటాయి. పక్కనున్న అమ్మాయి ఫోన్ ఖరీదైనదైనా ఆమె చుక్క కూడా గుర్తు మీద పడకపోవచ్చు. ఆ కాగితం చూస్తున్నప్పుడు పిల్లల మొహాల్లో వచ్చే మార్పు ఏ ఉపన్యాసంతోనూ రాదు. దాన్ని క్లాసు గోడకి అంటించండి, ఏడాదంతా అక్కడే ఉండాలి.

అదయ్యాక ఇదే పని మూడు చోట్ల చేయించండి: దట్టమైన వేపచెట్టు కింద, రేకుల షెడ్డు గోడకి ఆనుకుని, ఫోన్ ప్యాంటు జేబులో పెట్టుకుని. మీకు తీరం దగ్గరే కాబట్టి ఒక రోజు సరుగుడు తోటలోకి తీసుకెళ్లండి. ప్రకాశం వైపు వాళ్లయితే జామాయిల్, సుబాబుల్ తోటలు ఎటు చూసినా ఉంటాయి. చుక్కలు ఇంకా దూరం దూరంగా పడతాయి. అప్పుడు పిల్లలే అడుగుతారు, ఇలా ఎందుకవుతోంది మేడం అని. ఉపగ్రహాల పాఠానికి సమయం అదే.

ఆ పాఠం కూడా పొడుగు అక్కర్లేదు. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ "ఇప్పుడు టైమింత, నేనిక్కడున్నాను" అని పంపుతూ ఉంటాయి. ఆ మాట మన దగ్గరికి రావడానికి సెకనులో పదిహేనో వంతు పడుతుంది. ఎంత ఆలస్యంగా వచ్చిందో చూసి ఫోన్ దూరం లెక్క కడుతుంది. సెకనులో పదిలక్షో వంతు తేడా పడినా 300 మీటర్లు పోతుంది. మూడు దూరాలు తెలిస్తే చోటు తెలియాలి కదా, నాలుగు ఉపగ్రహాలు కావాలంటారేమిటి అని తెలివైన పిల్లవాడు అడుగుతాడు. ఫోన్‌లో గడియారం అంత కచ్చితమైనది కాదు, ఆ తప్పుని కూడా కనుక్కోవడానికి నాలుగోది కావాలి. రేకుల షెడ్డు దగ్గర సంకేతం గోడకి తగిలి తిరిగొస్తుంది, దారి పెరుగుతుంది, దూరం తప్పుతుంది. చెట్ల కింద సంకేతం బలహీనపడుతుంది. ఇంతే.

పిల్లల్లో పాతుకుపోయిన ఒక అపోహ ఉంది, జీపీఎస్‌కి ఇంటర్నెట్ కావాలని. చెప్పి పోగొట్టలేరు, చేసి చూపించండి. అందరి ఫోన్లూ ఫ్లైట్ మోడ్‌లో పెట్టించి లొకేషన్ మాత్రం ఆన్‌లో ఉంచి ఆరుబయట నిలబెట్టండి. మొదట్లో కాస్త ఆలస్యమైనా చుక్క వస్తుంది. ఇంటర్నెట్ చేసే సాయం ఉపగ్రహాలు ఎక్కడున్నాయో త్వరగా చెప్పడం, వెనకాల మ్యాప్ బొమ్మ తెచ్చిపెట్టడం. ఫోన్ ఉపగ్రహానికి ఏమీ పంపదు, వింటుందంతే. సిగ్నల్ లేని మెట్ట చేలల్లో పని చెయ్యాల్సిన పిల్లలకి ఈ ధైర్యం కావాలి.

జీపీఎస్ లాంటిదే మన దేశానిది ఒకటుంది, నావిక్. దాని గురించి ఒక మాట తప్పకుండా చెప్పండి. దాని మొదటి ఉపగ్రహం 2013 జులై 1న శ్రీహరికోట నుంచే వెళ్లింది. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు శ్రీహరికోట తిరుపతి జిల్లాకి వెళ్లింది గానీ, అంతకుముందంతా మన నెల్లూరు జిల్లాలోదే. ఉపగ్రహాల జాబితా చూపించే ఉచిత యాప్ ఒకటి పెట్టిస్తే ఎవరి ఫోన్ నావిక్‌ని వింటోందో, ఎవరిది వినడం లేదో పిల్లలే చూసుకుంటారు. మేడ మీద నుంచి రాకెట్ చూసి పెరిగిన పిల్లలు వీళ్లు. ఆ రాకెట్‌కీ తమ చేతిలోని చుక్కకీ సంబంధం ఉందని తెలిస్తే పాఠం మీద ప్రేమ పుడుతుంది.

ఇక అంకెలు రాయడం. నేను చూసిన తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడే జరుగుతాయి. పాత చేతి జీపీఎస్ 14 డిగ్రీల 26 నిమిషాల 30 సెకన్లు అని చూపిస్తుంది, పిల్లవాడు 14.2630 అని రాసేస్తాడు. నిజానికది 14.4417. ఈ రెంటికీ తేడా దాదాపు 20 కిలోమీటర్లు, పొలం కాస్తా దక్షిణానికి వెళ్లిపోతుంది. అక్షాంశం, రేఖాంశం తారుమారు చేస్తే నెల్లూరు పొలం ఆర్కిటిక్‌లో స్వాల్బార్డ్ దీవుల దగ్గర తేలుతుంది. ఇది ఒకసారి కంప్యూటర్ మీద చేసి చూపించండి, జన్మలో మర్చిపోరు. కంప్యూటర్‌లో మ్యాప్‌లు గీసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్‌లో పట్టిక తెరిచేటప్పుడు ఎక్స్ అంటే రేఖాంశం, వై అంటే అక్షాంశం. నోటికి అలవాటైన వరుస దీనికి తలకిందులు కాబట్టి ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఇక్కడ పడతారు. నోట్‌బుక్ ప్రతి పేజీ మీద తేదీ, సమయం, ఏ ఫోన్, డిగ్రీలు ఏ పద్ధతిలో రాశారు, ఆకాశం ఎంత తెరిపిగా ఉంది, యాప్ చూపించిన ఖచ్చితత్వం ఎన్ని మీటర్లు, ఇవన్నీ ఉండాలి. ఆ చివరి గడి ఖాళీగా ఉన్న రీడింగ్‌ని రీడింగ్ కింద లెక్కపెట్టకండి.

ఇప్పుడు రైతులడిగే సంగతి, విస్తీర్ణం. దీనికి టేపులు కావాలి. చదరంగా ఉన్న ఎకరం తీసుకుంటే ఒక్కో వైపు 63.6 మీటర్లు, చుట్టూ 254 మీటర్లు. హద్దు అన్ని వైపులా మూడు మీటర్లు బయటికి జరిగిందనుకోండి, ఇరవై సెంట్లు పెరిగి ఎకరా ఇరవై అవుతుంది. ఇది అన్నిటికంటే చెడ్డ సందర్భం. మామూలుగా ఒక మూల లోపలికి, ఒక మూల బయటికి పడి తప్పులు కొంత కొట్టుకుపోతాయి. అయినా ఎకరం కయ్యలో నాలుగైదు సెంట్ల తేడా అతి మామూలు విషయం. అదే పదెకరాల ముక్కయితే అవే మూడు మీటర్లకి అరవై సెంట్లు, అంటే నూటికి ఆరు. పొలం చిన్నదయ్యే కొద్దీ తప్పు వాటా పెరుగుతుందన్న ఈ సంగతి పిల్లలతో లెక్క కట్టించండి, మీరు చెప్పకండి. మన దగ్గర కమతాలు చిన్నవి. పెద్ద పెద్ద పొలాలున్న దేశాల వాళ్లు రాసిన పాఠాలు ఇక్కడ యథాతథంగా పనికిరానిది ఇందుకే.

చేయించే పద్ధతి ఇది. కాలేజీ పొలంలోనే ఒక కయ్యని ముందు టేపుతో, కర్ణం కూడా కొలిచి, విస్తీర్ణం కట్టించండి. తర్వాత మూలల దగ్గర ఆగి రెండేసి నిమిషాలు సగటు తీసిన చుక్కలతో కట్టించండి. తర్వాత గట్టు చుట్టూ నడుస్తూ ట్రాక్ రికార్డు చేసి కట్టించండి. మూడు జవాబులు పక్కపక్కన రాయించండి. మామూలుగా టేపు నెగ్గుతుంది, మూలల పద్ధతి రెండోది, నడక చివరిది. గ్రామ సచివాలయంలో ఎవరైనా సర్వేయర్ సహకరిస్తే పాత ఎఫ్ఎంబీ, అంటే పొలాల కొలతలు గీసిన సర్వే పుస్తకం, కాపీ ఒకటి తెచ్చి చూపించండి. 66 అడుగుల గొలుసు, దానికి వంద లింకులు, పది చదరపు గొలుసులు ఒక ఎకరం. ఆ గొలుసు పట్టుకుని ఎండలో నడిచినవాళ్లు మీ ఫోన్ కంటే మెరుగ్గా కొలిచారని పిల్లలు తెలుసుకుంటే పాత రికార్డు మీద గౌరవం వస్తుంది.

రైతు హద్దు అడిగితే పిల్లలు చెప్పాల్సిన జవాబు ముందే నేర్పండి: "అయ్యా, మా ఫోన్ హద్దు చెప్పలేదు. హద్దు చెప్పే అధికారం సర్వేయర్ గారిది. మేం మీ బోరు, కాలువ, పంట ఎక్కడున్నాయో గీసి ఇవ్వగలం." ఈ మాట తప్పించుకోవడం కాదు, వృత్తి ధర్మం. 2020 డిసెంబర్‌లో మొదలైన రీసర్వేలో సర్వేయర్లు వాడిన రోవర్ అనే జీపీఎస్ పరికరం వేరే సంగతి. కచ్చితంగా తెలిసిన చోట స్థిరంగా నిలిపిన కేంద్రాలు ఉంటాయి. తన చోటు తనకి తెలుసు కాబట్టి, ఉపగ్రహం చెప్పేదాంట్లో ఈ క్షణాన ఎంత తప్పుందో ఆ కేంద్రానికి తెలుస్తుంది. తెలిసిన రాయి పెట్టి కాటా సరిచూసుకున్నట్టు. ఆ సవరణ రోవర్‌కి అందితే రెండు మూడు సెంటీమీటర్ల దాకా వస్తుంది. కుదిరితే గ్రామ సర్వేయర్‌ని ఒక గంట రమ్మని అడగండి. ఒకే రాయి మీద రోవర్ పెట్టి, పక్కనే పిల్లల ఫోన్లు పెట్టి, రెండు అంకెలూ బోర్డు మీద రాస్తే ఇంక ఎవరూ ఫోన్‌తో హద్దులు చెప్పరు.

ఎత్తు గురించి కూడా ఇక్కడే. కొన్ని యాప్‌లు మన తీరం దగ్గర ఎత్తుని మైనస్ ఎనభై, మైనస్ తొంభై మీటర్లు అని చూపిస్తాయి, పిల్లలు కంగారు పడతారు. ఉపగ్రహం లెక్క ఒక గణిత గోళం మీద, మనం వాడే ఎత్తు సముద్ర మట్టం మీద. దక్షిణ భారతంలో ఈ రెంటికీ తేడా చాలా ఎక్కువ. సవరించినా సరే, ఫోన్ ఎత్తుతో నీళ్లు ఎటు పారతాయో తేల్చకూడదు. కయ్య చదును చెయ్యాలంటే లేజర్ లెవెలర్, లేదా పాత పద్ధతిలో నీళ్ల ట్యూబు.

చుక్కలు వచ్చాక మ్యాప్. మొదటి మ్యాప్ కాగితం మీద చేత్తో గీయాలి, ఉత్తరం గుర్తు, స్కేలు, తేదీ, గీసినవాళ్ల పేర్లతో. ఆ తర్వాతే క్యూజీఐఎస్. అది ఉచితం, మీ పాత కంప్యూటర్ల మీదా నడుస్తుంది. విస్తీర్ణం కట్టే ముందు డిగ్రీల నుంచి మీటర్లకి మార్చాలి. భూమిని మండలాలుగా విడదీసి మీటర్లలో లెక్క కట్టే పద్ధతిని యూటీఎం అంటారు. నెల్లూరు, ప్రకాశం రెండూ అందులో 44 ఉత్తర మండలంలోనే ఉంటాయి, ప్రాజెక్షన్ జాబితాలో ఈపీఎస్‌జీ 32644 అని వెతికితే దొరుకుతుంది. ఇంకొకటి, మ్యాప్‌ని షేప్‌ఫైల్ అనే పాత రకం ఫైలులో దాచకండి. అందులో గడి పేరు పది అక్షరాలకి మించదు, రైతు పేరు తెలుగులో రాస్తే చాలాసార్లు పిచ్చి గుర్తులుగా మారిపోతుంది. జియోప్యాకేజ్ అనే రకం ఫైలులో దాచండి, తెలుగు తెలుగులాగే ఉంటుంది. రైతు పేరు, పంట పేరు తెలుగులో ఉన్న మ్యాప్‌ని రైతు చదువుకోగలడు, అది చిన్న విషయం కాదు.

ఏం మ్యాప్ చెయ్యాలి? చాలా కాలేజీల్లో ఈ పాఠం చప్పబడిపోయేది ఇక్కడే. క్యాంపస్ భవనాలు గీసి ముగించేస్తారు. రైతుకి జవాబు కావలసిన ప్రశ్న ఒకటి పట్టుకుంటే పిల్లలు నిద్ర మానుకుని చేస్తారు.

మీ ప్రాంతానికి నేను చెప్పే మొదటి ప్రశ్న ఉప్పు. అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట వైపు వరి కయ్యలు, రొయ్యల చెరువులు పక్కపక్కన ఉంటాయి, సముద్రం ఎంతో దూరం లేదు. ఏ బోరు నీళ్లు ఎంత ఉప్పగా ఉన్నాయో ఊళ్లో అందరికీ తలో మాట తెలుసు, ఎక్కడా ఒక చోట రాసి లేదు. ఈసీ మీటర్ కొనమన్నది ఇందుకే. ఒక్కో బోరు దగ్గర మోటారు పది నిమిషాలు ఆడించి, ఆ తర్వాత వచ్చే నీళ్లని గ్లాసులో పట్టి, మీటర్ ముంచి, అంకె, చోటు, బోరు లోతు, ఏ పంటకి పారుతోందో రాసుకోవాలి. మోటారు వేసీ వెయ్యగానే వచ్చే నీళ్లు పైపులో నిలవున్నవి, వాటి అంకె పనికిరాదు. మీటర్ మైక్రోసీమెన్స్‌లో చూపిస్తే వెయ్యితో భాగించాలి, అప్పుడు డెసీసీమెన్స్‌లోకి వస్తుంది. సాగునీటికి 0.7 లోపు ఉంటే ఇబ్బంది లేదు, మూడు దాటితే గట్టి సమస్య, మధ్యలో ఉంటే పంటని బట్టి, నేలని బట్టి జాగ్రత్త పడాలి. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు చుక్కలతో ఆ ఊరి బోర్ల మ్యాప్ గీసి పంచాయతీ గోడకి అంటించండి. ఈశాన్య రుతుపవనాల ముందు సెప్టెంబర్‌లో ఒకసారి, వానలు పోయాక జనవరిలో ఒకసారి అవే బోర్ల దగ్గర చేయిస్తే రెండు మ్యాప్‌ల మధ్య తేడా చాలా చెబుతుంది. ఈ పనికి ఫోన్ ఖచ్చితత్వం సరిగ్గా సరిపోతుంది. బోరు నాలుగు మీటర్లు పక్కకి పడితే ఎవరికీ నష్టం లేదు. ఉప్పు ఎందుకొచ్చింది, ఎవరి వల్ల వచ్చింది అన్న మాట మాత్రం పిల్లలు మ్యాప్ మీద రాయకూడదు. వాళ్లు కొలిచింది ఉప్పుని, కారణాన్ని కాదు.

రెండోది మట్టి నమూనాలు. 2015లో వచ్చిన సాయిల్ హెల్త్ కార్డు పథకంలో నీటివసతి ఉన్న నేలకి రెండున్నర హెక్టార్లకి ఒక నమూనా, మెట్టకి పది హెక్టార్లకి ఒకటి. రెండున్నర హెక్టార్లంటే ఆరెకరాల పైమాట. రెండెకరాల రైతు చేతిలో ఉన్న కార్డుకి మట్టి తన కయ్యలోంచే తీశారని చెప్పలేం. పిల్లలు ఒక రైతు పొలంలో చౌడు పట్టిన మూల వేరుగా, బాగా పండే చోటు వేరుగా నమూనాలు తీసి చుక్కలతో సహా ల్యాబ్‌కి పంపితే రైతుకి నిజంగా పనికొస్తుంది. గట్టు పక్కన, చెట్టు కింద, ఎరువు కుప్ప వేసిన చోట తియ్యకూడదు. వి ఆకారంలో ఆరంగుళాల గుంట తీసి, అంచు నుంచి పలచగా చెక్కాలి. పది పన్నెండు చోట్లవి కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురువి తీసేస్తూ అరకిలోకి తేవాలి. సంచి లోపల ఒక చీటీ, బయట ఒక చీటీ.

ప్రకాశం వైపు ఎవరైనా ఇది చదువుతుంటే, సాగర్ కుడి కాలువ చివరి భూముల్లో ఏ తూముకి నీళ్లు ఏ తేదీన చేరాయో మ్యాప్ చెయ్యండి. అంతకంటే ఉపయోగపడే ప్రాజెక్టు నాకు కనపడదు.

ఉపగ్రహ చిత్రాలు చివర్లో పెట్టుకోండి. అందరికీ మోజు అక్కడే, నిలదీసి అడగాల్సిందీ అక్కడే. యూరప్ వాళ్ల సెంటినెల్-2 చిత్రాలు ఉచితం, ఐదు రోజులకోసారి వస్తాయి, ఒక్కో గడి పది మీటర్లు. మన ఇస్రో వాళ్ల మ్యాప్ వెబ్‌సైటు భువన్‌తో అలవాటు చేసి ఇటు తీసుకురావచ్చు. పచ్చని ఆకు ఎర్ర కాంతిని పీల్చుకుని, కంటికి కనపడని పరారుణ కాంతిని తిప్పికొడుతుంది. ఆ రెంటి తేడాని వాటి మొత్తంతో భాగిస్తే వచ్చేదే ఎన్‌డీవీఐ. వట్టి నేలకి 0.1, 0.2 ఉంటుంది, ఒత్తుగా ఎదిగిన పైరుకి 0.7 పైన, నీళ్లకి సున్నా కంటే తక్కువ. ఇప్పుడు లెక్క కట్టించండి. ఎకరంలో ఈ గడులు నలభై పడతాయి. చదరంగా పేర్చితే వాటిలో సగానికి పైగా అంచు మీదే ఉంటాయి, అంటే గట్టు, పక్క రైతు పైరు, పిల్ల కాలువ అన్నీ అందులో కలిసిపోతాయి. మిగిలిన కాసిని గడుల మీద ఆధారపడి రైతుకి ఎరువు సలహా ఇవ్వడం ఎంతవరకు సబబో పిల్లల్నే చెప్పమనండి.

మబ్బులు ఇంకో చిక్కు. నెల్లూరు వరికి నాట్లు పడే అక్టోబర్, నవంబర్‌లలో చిత్రాల్లో సగం తెల్లగా ఉంటాయి. మబ్బుల్లోంచి చూసే రాడార్ చిత్రాలు సెంటినెల్-1వి ఉన్నాయి, కానీ డిప్లొమా పిల్లలకి అవి బరువు. ఎడగారు (రెండో) పంట మీద చేయించండి. లేదా జనవరిలో ప్రకాశం నల్లరేగడిలో శనగ చేలు తీసుకోండి, ఆకాశం తెరిపిగా ఉంటుంది, చేలు కూడా పెద్దవి.

కోవూరు వైపు ఒక వరి పొలంలో జరిగింది చెబుతాను, ఈ పాఠం అంతా అందులోనే ఉంది. పిల్లలు ఎన్‌డీవీఐ మ్యాప్ ప్రింటు తీసుకుని వచ్చారు. పొలం అంతా ముదురు ఆకుపచ్చ, ఈశాన్యం మూల మాత్రం పసుపు. "నత్రజని తక్కువైంది, యూరియా వెయ్యాలి" అని ఒక అబ్బాయి అప్పటికే రిపోర్టులో రాసేశాడు. కాగితం రైతు చేతికి ఇచ్చి, ఈ మూల ఏమైంది అని అడగమన్నాను. పెద్దాయన కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, కాలువ ఎక్కడుందో చూసుకుని, ఆ పసుపు మీద వేలు పెట్టారు. "ఇది కాలవకి కడాకరిది నాయనా. నీళ్లు అందక పది రోజులు ఆలస్యంగా నాటాం. పైరు లేతది, జబ్బేం లేదు." అబ్బాయి వంగి దుబ్బులు లెక్కపెట్టి చూశాడు. పిలకలు తక్కువ, ఆకు రంగు మాత్రం మిగతా పొలంలో ఉన్నట్టే ఉంది. ఉపగ్రహం చెప్పింది నిజమే, అక్కడ పచ్చదనం తక్కువ. ఎందుకు తక్కువో దానికి తెలియదు. ఆ రోజు నుంచి ఆ బ్యాచ్ రిపోర్టుల్లో రెండు గడులు పెట్టించాను: చిత్రంలో కనపడింది, పొలంలో తేలింది. రెండో గడి నింపకుండా సలహా రాయకూడదు.

డ్రోన్ గురించి క్లుప్తంగా. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం ఎక్కడ ఎగరెయ్యొచ్చో ప్రభుత్వ వెబ్‌సైటు డిజిటల్ స్కైలో మ్యాప్ చూసుకోవాలి. బరువుని బట్టి రిజిస్ట్రేషన్, పైలట్ సర్టిఫికెట్ ఉంటాయి. బ్యాటరీలు, మరమ్మతులు ఏటా ఖర్చు. పిచికారీ డ్రోన్ నడిపేవాళ్లని ఒక పూట పిలిపించి చూపిస్తే మీ పిల్లలకి సరిపోతుంది. డ్రోన్ ఉంటే కాలేజీకి పేరొస్తుందని ప్రిన్సిపల్ గారు అనొచ్చు. దాన్ని ఇద్దరు పిల్లలు పట్టుకుంటారు, మిగతా వాళ్లు నిలబడి చూస్తారు. టేపూ ఫోనూ అయితే అందరి చేతుల్లో ఉంటాయి.

రైతు వివరాల విషయంలో గట్టిగా ఉండండి. పేరు, సర్వే నంబరు, బోరు లోతు, నీళ్ల ఉప్పదనం కలిపి ఉన్న ఫైలు వాట్సాప్ గ్రూపుల్లో తిరగకూడదు. బోరు ఉప్పదని తెలిస్తే ఆ భూమి ధర పడిపోతుంది. ఊరి గోడ మీద అంటించే మ్యాప్‌లో పేర్లు వద్దు, అదీ అందరినీ అడిగాకే. ప్రతి రైతుకి తన పొలం మ్యాప్ విడిగా, ఏ4 కాగితం మీద, పెద్ద తెలుగు అక్షరాలతో ప్రింటు తీసి పిల్లల చేతే ఇప్పించండి. ఇవ్వకపోతే మరుసటి ఏడాది ఆ ఊళ్లో ఎవరూ మీ పిల్లల్ని గట్టు ఎక్కనివ్వరు, అందులో తప్పూ లేదు.

మీ పిల్లల్లో కొందరు రేపు గ్రామ వ్యవసాయ సహాయకులవుతారు. ఏ పొలంలో ఏ పంట ఉందో రాసే ఈ-క్రాప్ నమోదుకి పొలంలో నిలబడి ఫోటో తీసేది వాళ్లే. అక్కడ తప్పు చుక్క పడితే ఒక రైతుకి బీమా దగ్గరో, పంట అమ్మకం దగ్గరో ఇబ్బంది వస్తుంది. అందుకే పరీక్ష కూడా దానికి తగ్గట్టు పెట్టండి. ఎవరో చేసిన మ్యాప్ ఒకటి ఇచ్చి, అందులో మూడు తప్పులు దాచండి: డిగ్రీలు నిమిషాలు కలిసిపోయిన చుక్క ఒకటి, అక్షాంశం రేఖాంశం తారుమారైనది ఒకటి, చెట్ల కింద తీసి ఖచ్చితత్వం గడి ఖాళీగా వదిలేసింది ఒకటి. అవి పట్టుకున్నవాడికి ఎక్కువ మార్కులు. రంగుల మ్యాప్‌కి పది మార్కులు చాలు. ఫీల్డ్ నోట్‌బుక్‌కి ముప్పై పెట్టండి, పెన్నుతోనే రాయించండి. తప్పు రాస్తే చెరపకుండా ఒక గీత కొట్టి పక్కన సరైనది రాయాలి, కొట్టేసిన అంకె కనపడుతూనే ఉండాలి. పొలం నుంచి రాగానే అదే సాయంత్రం మీరు చూసి తేదీ వేసి సంతకం పెట్టండి, మర్నాటికి వాయిదా వేస్తే ఖాళీ గడులు ఊహించి నింపేస్తారు.